సలువకు ఒక్క గిలాస

"ఏందే త్రివేణీ, ఈ రొట్టె గూడ చినిగిందా?" అంది మా అత్తమ్మ లక్ష్మమ్మ, వంటింటి గడపలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ.

చినిగింది. అంతకుముందుదీ చినిగింది. కాపురానికొచ్చిన నాటినుంచీ జొన్నరొట్టెలు కొడుతున్నాను. ఒక కన్ను పొయ్యి మీద, ఒక కన్ను పిల్ల పుస్తకం మీద పెట్టినా గుండ్రంగా వచ్చే రొట్టె ఆ సాయంత్రం పెనం దాకా రాకుండానే చేతిలో రెండు ముక్కలైంది. చేతులు వణుకుతున్నాయి. అరచేతుల్లో చెమట. పిండిలో నీళ్లు ఎక్కువయ్యాయేమో అనుకుని ఇంకాస్త పిండి కలిపాను. తప్పు ఎక్కడున్నా ముందు పిండిలో వెతుక్కోవడం నాకు అలవాటు.

"కల్లు బందైంది గదా, గందుకే. ఒంట్ల వేడి లేసింది. దుకాణం తెరిస్తే మల్ల సలువైతది. ఫికర్ జెయ్యకు," అంది అత్తమ్మ. ఆమె గొంతులో నిజంగానే జాలి ఉంది. అందుకే ఆమెను తిట్టుకోవడం నాకు ఇప్పటికీ సరిగ్గా చేతకాదు.

ఆ వారం మా వైపు కల్లు దుకాణాలు మూతపడ్డాయి. కల్లులో ఏదో పౌడరు కలుపుతున్నారని ఆబ్కారీ వాళ్లు వచ్చి సీసాలు పట్టుకుపోయారట. ఊళ్లో మగవాళ్లు ఎలాగెలాగో అయిపోయారు; మా ఆయన లాంటి కొందరు బ్రాందీ షాపుకు మళ్లారు. మా గల్లీ మొదట్లో సైకిళ్లు బాగుచేసే మనిషి మెడ ఒక పక్కకి వంకరపోయి, గోడతో ఏదో వాదిస్తూ కనిపించాడు. బడికి పోతూ చూసి, తాగీ తాగీ ఎట్లయిండో పాపం అనుకున్నాను. అనుకుని, చేతిలో టిఫిన్ డబ్బా వణుకుతుంటే రెండో చేత్తో పట్టుకుని నడిచాను. ఆ రెండూ ఒకటే సంగతని నాకు తోచలేదు. ఎలా తోస్తుంది? అతను తాగుతాడు. నేను సలువకు తీసుకుంటాను.

మా దగ్గర ఈ తేడా అందరికీ తెలుసు, ఎవరూ చెప్పుకోరు. మగవాళ్లు దుకాణంలో కూర్చుని తాగితే అది తాగుడు. ఆడవాళ్లు ఇంట్లో, పనంతా అయ్యాక, తలుపు చాటున ఒక గిలాస పుచ్చుకుంటే అది సలువ. ఒళ్లు చల్లబడుతుందని. వేడికి మందు, నడుంనొప్పికి మందు, బాలింతకు మందు. దీక్షిత పుట్టిన కొత్తలో పాలు సరిగ్గా పడక, కుట్లు మానక, నేను మంచం మీద ముడుచుకుని ఏడుస్తుంటే అత్తమ్మే తెచ్చిచ్చింది. "తాగు బిడ్డా, పాలు పడతయ్. నిద్ర వస్తది. మేమంత గిట్లనే లేచినం." పుల్లగా ఉంది, ముక్కు మూసుకుని తాగాను. ఆ ఇంట్లో అడుగుపెట్టాక ఒకరు నా చేతికి అందించిన మొదటి వస్తువు ఆ గిలాసే. అంతవరకూ అందరికీ నేనే అందించాను. నీళ్లు, చాయ్, తువ్వాలు, చెప్పులు, ఆఖరికి గోడకు తగిలించిన అంగీలోంచి ఆయన సిగరెట్ పెట్టె. ఆ రాత్రి నేను నిద్రపోయాను. పిల్ల ఏడిస్తే అత్తమ్మే చూసుకుంది. ఇంత సుఖం ఉంటుందా అనుకున్నాను.

బాలింతతనం అయిపోయింది కానీ గిలాస అయిపోలేదు. మా ఆయన దేవరాజ్ ట్రాక్టర్ల కంపెనీలో పనిచేస్తాడు. షిఫ్టు దిగి దుకాణంలో తను తాగగలిగినంత తాగి, ఇంటికి ఒక సంచిలో సీసాలు తెచ్చేవాడు. "మా ఆమెకు సలువకు," అని దుకాణదారుతో చెబితే వాడు మెచ్చుకునేవాడట, పెళ్లాం మీద ఎంత ప్రేమో అని. ఒక్క గిలాస అన్నది పేరుకే. మంచినీళ్ల గిలాస పోయి చెంబు వచ్చింది. చెంబు ఒకసారి కాస్తా రెండుసార్లయింది. పేరు మాత్రం ఒక్క గిలాసే.

నా పగలంతా ఇతరులది. తెల్లారక ముందే లేచి రొట్టెలు, కూర, ఆయన డబ్బా, పిల్ల జడలు, అత్తమ్మ షుగర్ గోలీలు. తర్వాత బడి. ప్రైవేటు బడిలో ఒకటో తరగతి టీచర్ని. మా కరస్పాండెంట్ మదన్‌మోహన్ సార్ కొత్తగా వచ్చిన టీచర్లకు నన్ను చూపించి, "త్రివేణి మేడమంటే ఓపిక. ఏం పని చెప్పినా నవ్వుతది," అనేవాడు. ఆ మాటకు బహుమతిగా బస్సు డ్యూటీ నాకే, రాని టీచర్ క్లాసు నాకే, యాన్యువల్ డేకి పిల్లల పూలకిరీటాలు కుట్టే పని కూడా నాకే. ఇంటికొస్తే మళ్లీ బోళ్లు, బట్టలు, రొట్టెలు. ఇంటికి చుట్టాలొస్తే మా ఆయన, "మా ఇంట్ల లొల్లే ఉండదు. మా ఆమె సల్లటి మనిషి," అని గర్వంగా చెప్పేవాడు. నాకూ గర్వంగానే ఉండేది. సాయంత్రం అయ్యేసరికి ఎవరినైనా ఏదైనా అనాలనిపించేది. అప్పుడు గిలాస వచ్చేది. నాకు కోపం రాలేదని కాదు. కోపం వచ్చే వేళకి నేను ఉండేదాన్ని కాదు.

రొట్టెలు చినిగిన మర్నాడు బడిలో బోర్డు మీద 'ఉ', 'ఊ' రాస్తూ ఉన్నాను. ఉడుత, ఊయల. ఊ కొమ్ము తిప్పుతుంటే సుద్దముక్క తిన్నగా పోకుండా పక్కకు లాగింది. వెనక పిల్లల గోల ఎక్కడో దూరంగా వినిపించింది. అంతే. కళ్లు తెరిచేసరికి నేల మీద ఉన్నాను, నోట్లో రక్తం, నాలుక కొరుక్కున్నాను. చీర తడిసింది. ఆయా నారమ్మ నా పిడికిట్లో బీరువా తాళాల గుత్తి కుక్కి గట్టిగా పట్టుకుని ఉంది. "ఇనుము పెడితే ఫిట్సు ఆగుతది మేడం," అంటూ ఏడుస్తోంది. పిల్లలు గోడకు అంటుకుపోయి చూస్తున్నారు. తడిసిన చీర వాళ్లకు కనబడకుండా కాళ్లు ముడుచుకోవడమే నేను మొదట చేసిన పని. మదన్‌మోహన్ సార్ గుమ్మంలో నిలబడి, "ఇట్లాంటి రోగం ఉన్నట్టు జాయినింగ్ అప్పుడు చెప్పాలె గదా మేడం," అన్నాడు.

దవాఖానలో డాక్టరమ్మ పేరు భార్గవి. కోస్తా మనిషి, మాట మెత్తగా ఉంది. ఇంతకుముందు ఫిట్స్ వచ్చాయా, తలకు దెబ్బ తగిలిందా, ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడిగింది. లేదన్నాను. "తాగే అలవాటు ఉందాండీ?" అంది. నా పక్కన నిలబడ్డ మా ఆయన వైపు చూశాను, ఆయనను అడుగుతోందనుకుని. "నాకుంది మేడం. జూట మాటెందుకు?" అన్నాడాయన.

"మిమ్మల్ని కాదండీ, ఆవిణ్ని అడుగుతున్నాను."

"ఛీ, ఆడోళ్లు తాగుతరా మేడం?" అని నవ్వాడు. నేనూ తల అడ్డంగా ఊపాను. అబద్ధం చెప్పాలని కాదు. ఒట్టేసి చెప్పమన్నా అదే చెప్పేదాన్ని. ఆవిడ ఏదో రాసుకుని, మూర్ఛ బిళ్లలు మొదలుపెడదాం, తలకు స్కానింగ్ తీయిద్దాం అంటోంది. మేము లేవబోయాం. అప్పుడు నా చేతి వేళ్లు బల్ల అంచు మీద టకటకలాడటం చూసింది. కాసేపు వాటివైపే చూసి, "కల్లు?" అంది.

"కల్లు తీసుకుంట మేడం," అన్నాను. "సలువకు."

ఆవిడ కలం కింద పెట్టింది. "రోజూనా?" రోజూ. "ఎన్నాళ్ల నుంచి?" మా పిల్ల వయసంత. "మానేసి ఎన్నాళ్లయింది?" నేను మానలేదు మేడం, దుకాణమే మానింది. ఆ మాటకు ఆవిడ నవ్వలేదు. ఆ కల్లులో చెట్టుది ఎంతో, నీళ్లు ఎంతో తెలియదనీ, మత్తు కోసం నిద్రబిళ్లల్లో వాడే మందు పొడి కలుపుతారనీ, ఒళ్లు దానికి అలవాటు పడ్డాక ఒక్కసారిగా ఆగిపోతే ఇలాగే చేతులు వణుకుతాయనీ, మెడలు వంకర పోతాయనీ, ఫిట్స్ వస్తాయనీ, ప్రాణాలు పోయినవాళ్లు కూడా ఉన్నారనీ చెప్పింది. స్కానింగ్ వద్దంది. తనిచ్చే బిళ్ల వారం వారం తగ్గించుకుంటూ పోవాలి, కల్లు చుక్క కూడా ముట్టకూడదు. "నిద్ర పట్టదు. చికాకొస్తుంది, ఏడుపొస్తుంది. ఓర్చుకోవాలి మరి," అంది. ఓర్చుకోవడం నాకు ఇంకొకరు నేర్పాలా అనిపించి నవ్వొచ్చింది. లేవబోతూ ఒక్కటే అడిగాను. మా పిల్ల చిన్నతనం నాకు సరిగ్గా గుర్తుండదు, ఎప్పుడు నడిచిందో, మొదట ఏం మాట పలికిందో ఎవరైనా అడిగితే అత్తమ్మ వైపు చూస్తాను, అవన్నీ తిరిగొస్తాయా అని. "ఇకముందు జ్ఞాపకశక్తి మెరుగుపడుతుంది," అంది ఆవిడ. "అప్పుడు మనసుకు ఎక్కనివి ఎక్కడి నుంచి వస్తాయండీ?"

తర్వాతి రోజుల గురించి పెద్దగా చెప్పను. ఒళ్లంతా చీమలు పాకినట్టుండేది. కుక్కర్ విజిల్ వేస్తే ఉలిక్కిపడేదాన్ని. కానీ అన్నిటికన్నా కష్టమైంది మెలకువగా ఉండటం. ఆ ఇంట్లో రాత్రి భోజనాల తర్వాత ఏం జరుగుతుందో నాకు తెలియనే తెలియదు. తిన్న కంచాలు తిన్నచోటే వదిలేసి ముగ్గురూ లేచిపోతారు. అవి పొద్దున్నే ఎండిపోయి ఉంటే గోకి కడిగేదాన్ని, అవెలా అక్కడికొచ్చాయో ఆలోచించకుండా. ఇప్పుడు కంచం వదిలి లేస్తున్న చేతులు కనబడుతున్నాయి. నడుంనొప్పి నాదేనని తెలిసింది. అది ఎప్పటినుంచో ఉంది, నేను దాని దగ్గర లేను.

నోరు లేచింది. "నీ కంచం నువ్వే ఎత్తుకో," అన్నాను ఒకరోజు మా ఆయనతో. మామూలుగానే అన్నాను. ఆయన నన్ను కాకుండా అత్తమ్మను చూసి, "చూసినవా అమ్మా, మత్తు దిగితే ఎట్ల మాట్లాడుతదో," అన్నాడు. బడిలో బస్సు డ్యూటీ ఇంకొకరికి వేయమన్నాను. "మీ పానం ఇంక బాగైనట్టు లేదు మేడం, ఇంకొన్ని దినాలు రెస్ట్ తీసుకోండ్రి," అన్నాడు మదన్‌మోహన్ సార్, జీతం లేకుండా. కోహీర్ నుంచి మా అన్న ఫోన్ చేసి, "బావ చెప్తుండు, జర కంట్రోల్ల ఉండు చెల్లే," అన్నాడు. నేను ఏ మాటన్నా అది నా మాట కాదు, దిగుతున్న మత్తు మాట. తాగినన్నాళ్లూ నన్నెవరూ మత్తులో ఉన్నావనలేదు. ఇన్నేళ్లకు తెలివిలోకొచ్చి నోరు తెరిస్తే మత్తంటున్నారు. ఒక్కోసారి నాకే అనుమానం వచ్చేది, ఈ కోపం నాదా, ఆ పౌడరుదా అని. బిళ్ల తగ్గుతున్న కొద్దీ కోపం తగ్గలేదు. నాదే అని అప్పుడు నమ్మకం కుదిరింది.

ఒక మధ్యాహ్నం అత్తమ్మకు తలకు నూనె రాస్తూ అడిగాను, ఆమెకు ఎవరిచ్చారని. "మా అత్త ఇచ్చింది. ఇంకెవరిస్తరే? న్యాల్‌కల్ దిక్కు మాది పెద్ద సంసారం. మర్దులు, ఆడిబిడ్డలు, బర్లు, చెల్కలు. తాగకుంటె సచ్చిపోదును."

"మరి ఎట్ల మానినవ్ అత్తమ్మా?"

"షుగరొచ్చింది. డాక్టరు బంద్ జెయ్యమన్నడు." అదేమంత పెద్ద సంగతి కాదన్నట్టు, "అప్పటికి నువ్వొచ్చినవ్ గదా. పని లేకపాయె. ఇంకెందుకు తాగుడు?" అంది. అరచేతిలో మిగిలిన నూనె ఆమె పాపిట్లో అద్దాను. ఆమె నాకు ఇల్లు అప్పగించినప్పుడు ఆ ఇంటిని మోయడానికి కావలసిందాన్ని కూడా అప్పగించింది. మోసం ఏమీ లేదు అందులో. తనకు తెలిసిన ఒకే ఒక్క సాయం చేసింది.

దీక్షిత తొమ్మిదో తరగతి. నాతో తక్కువ మాట్లాడుతుంది. సాయంత్రాలు నేను దాని పక్కన కూర్చుంటుంటే మొదట్లో ఇబ్బందిగా జరిగేది. అద్దం ముందు జడ వేస్తుంటే ఒకరోజు, అద్దంలోంచే నన్ను చూస్తూ, "మమ్మీ, నేను పెద్దమనిషైంది పొద్దుగాల గాదు," అంది.

"మరి?"

"ముందు రాత్రే. నిన్ను లేపిన. శానసేపు లేపిన. నువ్వు లేవలే. సచ్చిపోయినవేమో అనుకున్న. ముక్కుకాడ చెయ్యి పెట్టి చూసిన. ఊపిరుంది. ఇగ నేనే లంగ పిండుకుని నీ పక్కకే పన్న." జడ చివర రబ్బరు వేస్తున్నాను. వేళ్లు మళ్లీ వణికాయి, ఈసారి దేనికో నాకు తెలుసు. ఆ ఫంక్షన్‌కు ఊరంతా పిలిచాం. నలుగు పెట్టాం, పట్టుచీర కట్టాం, నా చేత్తో దాని నోట్లో చిమ్మిలి పెట్టాను. ఫోటోల్లో నేను నవ్వుతున్నాను. దాని భయం సంగతి అది ఇన్నాళ్లు ఎవరికీ చెప్పలేదు, లేవని తల్లికి ఏం చెప్పుకుంటుంది? నాకు ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు. "ఏడువకు మమ్మీ, నేను ఊకెనే చెప్పిన," అని అదే నన్ను ఊరుకోబెట్టింది.

కొన్ని వారాలకు, ఒక ఆదివారం దుకాణాలు తెరిచారు. మధ్యాహ్నానికే మా ఆయన సంచి పట్టుకొచ్చి వంటింటి గట్టు మీద పెట్టాడు. సీసాలు ఒకదానికొకటి తగిలిన చప్పుడు. "ఇప్పుడు పౌడరు లేదంట. అంత అసలు సరుకే," అన్నాడు. కాస్త దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, దాదాపు బతిమాలుతున్నట్టు, "డాక్టర్లకేం ఎరుకనే మన ఒంటి సంగతి? జర తీసుకో. మునుపటి లెక్క సల్లగుందువు. ఇల్లు ఇల్లులెక్కుంటది," అన్నాడు. ఆయన కళ్లలో దిగులు నిజమే. ఎండిన కంచాలు గోకే ఆ పాత మనిషి కోసం దిగులు.

దీక్షిత కడుపునొప్పితో ముందు గదిలో మంచం మీద మోకాళ్లు ముడుచుకుని పడుకుని ఉంది. అత్తమ్మ వచ్చి ఒక సీసా మూత తీసింది. ఆ పుల్లటి వాసన వంటింట్లో నిండింది. నా నోట్లో నీళ్లూరాయి. అబద్ధమెందుకు, ఆ క్షణం నాకు బిడ్డ గుర్తు రాలేదు. నాకు గిలాస కావాలి, నిద్ర కావాలి, ఎవరి మాటా వినబడని ఆ నల్లటి చోటు కావాలి. ఇన్ని వారాలుగా మెలకువగా ఉండి అలసిపోయాను. అత్తమ్మ చిన్న స్టీలు గిలాసలో సగం పోసింది. నాకేననుకుని చెయ్యి చాపాను కూడా. ఆమె నన్ను దాటుకుని ముందు గదిలోకి నడిచింది.

"లే బిడ్డా," అంటోంది దీక్షితను లేవదీస్తూ. "జర ఒక్క గుటక. నొప్పి పోతది, మంచిగ నిద్రొస్తది. మీ మమ్మీ గూడ గిట్లనే తాగింది."

నేను వెళ్లేసరికి గిలాస దాని పెదాల దాకా వచ్చింది. దాని కళ్లు గిలాస మీద లేవు, నా మీద ఉన్నాయి. లేస్తుందా లేదా అని ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసిన రాత్రి కూడా అలాగే చూసి ఉంటుంది. నేను గిలాస లాక్కోలేదు. లాక్కుంటే నోట్లోకే పోతుందని నాకు భయం. మంచం పక్కన కూలబడి గిలాస మీద అరచెయ్యి మూత పెట్టాను.

"వద్దు బిడ్డా. ఇది తాగుడు," అన్నాను.

"తాగుడేందే? సలువకు గదా," అంది అత్తమ్మ, నిజంగా అర్థం కాక.

"తాగుడే అత్తమ్మా. నువ్వు తాగినవ్, నేను తాగిన." దీక్షిత ముఖంలోకి చూస్తూ చెప్పాను. "మీ మమ్మీ తాగుబోతు బిడ్డా. గా రాత్రి నువ్వు లేపితే లేవకపోయింది అలిసిపోయి గాదు, తాగి."

వంటింట్లోంచి మా ఆయన పరుగున వచ్చాడు. తను తాగి రోడ్డు మీద పడిపోతే నలుగురు మోసుకొచ్చి ఇంట్లో దించిన రోజు కూడా ఆ మనిషి ముఖం అంత పాలిపోలేదు. ముందు పోయి వీధి తలుపు మూశాడు. "ఏయ్, మెల్లగ మాట్లాడు. పక్కింటోళ్లు వింటరు. ఆడమనిషివి, గదేం మాట?"

నలభై మంది ఒకటో తరగతి పిల్లల్లో చివరి బెంచీ దాకా వినబడాలంటే ఎంత గొంతు తియ్యాలో నాకు తెలుసు. ఆ గొంతు ఈ ఇంట్లో ఎప్పుడూ తియ్యలేదు. లేచి పోయి ఆయన మూసిన తలుపు తెరిచి, గల్లీ అంతటికీ వినబడేట్టు చెప్పాను.

"నేను తాగుబోతును. మానుతున్న."